ఆ సీల్ ఎవరు విప్పారు? ఎలక్ట్రిక్ ట్రక్కు నేర్పిన శరణాగతి



ఈ వారం వీడియోలో విభీషణ శరణాగతి గురించి చెప్పుకున్నాం. చివర్లో "మా తమ్ముడి ట్రక్కు సంగతి బ్లాగులో రాస్తాను" అన్నాను కదా, అదే ఇది. ట్రక్కుకీ రామాయణానికీ ఏం సంబంధం అని నవ్వుకున్నవాళ్ళు కూడా దయచేసి చివరిదాకా చదవండి. ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది. అది దాచిపెట్టి శరణాగతి మీద గంటలు గంటలు మాట్లాడటం నాకే బాగా అనిపించలేదు.

నిండా శక్తి ఉంది, బండి లేవలేదు

మా బాబాయి కొడుకు ఖమ్మంలో ఉంటాడు. బీటెక్ చేశాడు, మూడేళ్ళు హైదరాబాద్‌లో ఉద్యోగం చేశాడు, తర్వాత సొంతంగా ఏదైనా చేద్దామని ఊరికి వెళ్ళిపోయి చిన్న ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నాడు. తెల్లవారుజామున పాల క్రేట్లు, పగలు కిరాణా సరుకు. డీజిల్ ఖర్చు లేదు. రాత్రి ఛార్జింగ్ పెడితే పొద్దుటికి బండి సిద్ధం. నెలకి 18,000 ఈఎంఐ పోయినా చేతిలో నాలుగు డబ్బులు మిగులుతున్నాయి. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. అంతా బాగుంది.

ఒకరోజు పొద్దున నాలుగింటికి తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు వెలగలేదు. రాత్రి చూసినప్పుడు ఛార్జింగ్ డెబ్బై శాతం పైన ఉంది. నాకు ఫోన్ చేసి, "అన్నా, బ్యాటరీ నిండా ఉంది, బండి మాత్రం పడుకుంది" అన్నాడు.

ఇక్కడ చిన్న విషయం చెప్పాలి. ఎలక్ట్రిక్ బండిలో బ్యాటరీ ఒకటి కాదు, రెండు. చక్రాలు తిప్పేది పెద్ద బ్యాటరీ. దానితో పాటు మామూలు బండ్లలో ఉండేలాంటి 12 వోల్ట్‌ల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. మనం తాళం తిప్పగానే బండిలోని కంప్యూటర్‌ని లేపేది, పెద్ద బ్యాటరీ తలుపు తీసే స్విచ్చులకి కరెంటు ఇచ్చేది ఆ చిన్నదే. అది నీరసపడితే పెద్ద బ్యాటరీలో వంద కిలోమీటర్లకి సరిపడా శక్తి ఉన్నా బండి అంగుళం కదలదు. మరి ఆ చిన్న బ్యాటరీని ఎవరు నింపుతారు? పెద్ద బ్యాటరీయే, మధ్యలో కన్వర్టర్ అనే ఒక పెట్టె ద్వారా. మా వాడి బండిలో పాడైంది ఆ పెట్టె.

ఇది వినగానే నాకు సముద్రం ఒడ్డున కూర్చున్న హనుమంతుడు గుర్తొచ్చాడు. వానరులందరూ నేనింత దూరం దూకగలను, నేనింత దూకగలను అని లెక్కలు వేసుకుంటున్నారు. నూరు యోజనాల సముద్రాన్ని దాటి తిరిగి రాగల ఒకే ఒక్కడు మాత్రం ఓ పక్కన మౌనంగా కూర్చున్నాడు. శక్తి లేక కాదు. లోపల ఉన్నది లేవలేదు, అంతే. జాంబవంతుడు దగ్గరికి వెళ్ళి, నువ్వెవరి కొడుకువో, పసితనంలో ఏం చేశావో గుర్తు చేశాడు. ఆ నాలుగు మాటలే 12 వోల్ట్‌లు. తర్వాత మహేంద్రగిరి కంపించిపోయింది.

మీలో చాలామంది "నాకేమీ చేయాలనిపించట్లేదు గురువుగారూ" అని రాస్తుంటారు. మీలో శక్తి అయిపోయిందని అనుకోకండి. తలుపు తీసే చిన్న బ్యాటరీ ఒకసారి చూసుకోండి. రోజూ కాసేపు జపం, ఒక మంచి స్నేహితుడి ఫోన్, సరిపడా నిద్ర. వీటిని చిన్నవి కదా అని మానేస్తాం. పెద్దది పనిచేయడం మానేసేది అక్కడే.

సీల్ విప్పిన రాత్రి

సరే, బండి పడుకుంది. మర్నాడు పాలు వేయాలి. ఖమ్మంలో షోరూమ్ ఉంది, కానీ హైవోల్టేజ్ పని నేర్చుకున్న టెక్నీషియన్ హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌లోనే ఉన్నాడట. దాదాపు 200 కిలోమీటర్లు. బండిని తాడు కట్టి లాక్కెళ్ళడానికి వీల్లేదు. చక్రాలు తిరిగితే వాటితో పాటు మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, ఉన్న పాడుకి ఇంకో పాడు తోడవుతుంది. పెద్ద లారీ మీదకి ఎక్కించి తీసుకెళ్ళాలి. మొదటి 50 కిలోమీటర్లు కంపెనీ ఖర్చు, మిగతాది మనది. పైగా ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ చెప్పరు.

మా వాడు కంగారు పడ్డాడు. తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఆటోల పనిలో మంచి చేయి. ఆయన వచ్చి చూసి, సీటు కింద సీల్ వేసి ఉన్న మూత విప్పాడు. కాలిపోయిన ఫ్యూజు కనపడింది. దానికి బదులు ఓ తీగ ముక్క చుట్టాడు. చిన్న బ్యాటరీకి బయట ఛార్జింగ్ పెట్టాడు. బండి లేచింది! రెండు రోజులు పరిగెత్తింది కూడా. మూడో రోజు నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఈసారి ఏం చేసినా లేవలేదు.

మెకానిక్ మూత బిగించేసి, చిరిగిన సీల్ మీద ఇంకో స్టిక్కర్ అతికించి, "అడిగితే మాకేం తెలీదను తమ్ముడూ, వారంటీ పోద్ది" అన్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మా వాడి మీద ప్రేమతోనే అన్నాడు.

ఆ మాటలో నిజం కూడా ఉంది. వారంటీ కాగితంలో, బయటివాళ్ళు విప్పితే మాకు బాధ్యత లేదని రాసి ఉంటుంది. ఆ కన్వర్టర్ డబ్బు పెట్టి కొనాలంటే మా వాడి రెండు మూడు నెలల సంపాదన.

లారీ క్యాబిన్‌లో నేనన్న మాట

అప్పటికి నేను ఖమ్మంలోనే ఉన్నాను. ట్రక్కుని లారీ మీదకి ఎక్కించాక ఇద్దరం ఆ లారీ క్యాబిన్‌లోనే బయల్దేరాం. సూర్యాపేట దాటాక హోటల్ దగ్గర టీ తాగుతున్నప్పుడు మా వాడు అడిగాడు. "అన్నా, మెకానిక్ విప్పిన సంగతి చెప్పాలా, వద్దా?"

నేనేమన్నానో తెలుసా? "వాళ్ళు అడిగితే చూద్దాంలే."

రోజూ సత్యం గురించి ప్రవచనం చెప్పే నోటితోనే ఆ మాట అన్నాను. అబద్ధం చెప్పమనలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను కూడా. మా వాడు ఏమీ అనలేదు. గ్లాసు పక్కన పెట్టి వెళ్ళి లారీ ఎక్కాడు. ఆ మౌనం నాకు హైదరాబాద్ దాకా గుచ్చుతూనే ఉంది.

దారిలో కర్ణుడు గుర్తొచ్చాడు. కర్ణుడికి విద్య కావాలి. ఆ కోరికలో తప్పు లేదు. కష్టపడే గుణం ఉంది, ప్రతిభ ఉంది. పరశురాముడి దగ్గరికి వెళ్ళి తాను బ్రాహ్మణుణ్ణని చెప్పాడు. ఒకే ఒక్క అబద్ధం. దాని మీద ఏళ్ళ తరబడి నిజమైన కష్టం పోశాడు, నిజమైన సేవ చేశాడు. గురువు ఒడిలో తలపెట్టుకుని నిద్రపోతుంటే పురుగు తొడని తొలిచేస్తున్నా కదల్లేదు. అంతటి భక్తి. ఆ రక్తం తగిలి గురువు లేచాడు, నిజం బయటపడింది, శాపం పడింది. నేర్చుకున్న అస్త్రం సరిగ్గా అవసరమైన రోజున గుర్తుకు రాకుండా పోతుంది అని.

మనం దీన్ని శాపమనే అనుకుంటాం. నాకు ఆ లారీలో కూర్చున్నప్పుడు ఇంకోలా తోచింది. అబద్ధం మీద తెచ్చుకున్నది మన దగ్గర ఉంటుంది, వాడుకుంటాం, బాగానే నడుస్తుంది. ఫ్యూజు బదులు చుట్టిన తీగ రెండు రోజులు బండిని నడిపినట్టే. బరువు పూర్తిగా పడిన రోజున అది ఆగదు. శపించడానికి పరశురాముడే రానక్కర్లేదు.

జాబ్ కార్డ్ మీద ఒక టిక్

సర్వీస్ సెంటర్ చేరేసరికి మధ్యాహ్నం అయింది. సర్వీస్ అడ్వైజర్ మన వయసు కుర్రాడే. బండి నంబరు, కిలోమీటర్లు రాసుకున్నాడు, నాలుగు వైపులా ఫొటోలు తీసుకున్నాడు. జాబ్ కార్డ్ మా వాడి ముందు పెట్టి సంతకం చేయమన్నాడు. అందులో ఒక ప్రశ్న: బయట ఎక్కడైనా రిపేరు చేయించారా? అవును, కాదు. రెండు గడులు.

నేను మా వాడి మొహం చూస్తున్నాను. వాడు నా వైపు చూడలేదు. పెన్ను తీసుకుని "అవును" దగ్గర టిక్ పెట్టాడు. ఏ రోజు, ఏ మూత, ఏం చేశారు, మొత్తం నోటితో చెప్పాడు. తీగ చుట్టిన సంగతితో సహా.

అడ్వైజర్ కాసేపు ఆగి, "సార్, ఇలా చెప్తే క్లెయిమ్ రాకపోవచ్చు, తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు. చూసి మీరే చెప్పండి," అన్నాడు మా వాడు.

విభీషణుడు నాకు అర్థమైంది అప్పుడే. అన్నగారికి మంచి చెప్పి, అవమానం పాలై, నలుగురు అనుచరులతో సముద్రం దాటి వచ్చి ఆకాశంలో నిలబడ్డాడు. కింద వానర సైన్యం రాళ్ళూ చెట్లూ పట్టుకుని ఉంది. ఆ పరిస్థితిలో ఎవరైనా తనకి పనికొచ్చే సంగతి ముందు చెప్పుకుంటారు. నేను ధర్మాత్ముణ్ణి, సీతమ్మని పంపేయమన్నది నేనే అని మొదలుపెట్టొచ్చు. విభీషణుడు అలా మొదలుపెట్టలేదు. రావణుడనే దుర్మార్గుడైన రాజు ఉన్నాడు, నేను వాడి తమ్ముణ్ణి అన్నాడు. తనని చంపించగల నిజాన్ని ముందు పెట్టాడు. తర్వాతే శరణు అడిగాడు.

సుగ్రీవుడు నమ్మొద్దన్నాడు. ఆయన అనుమానంలో తప్పేం లేదు, శత్రువు తమ్ముడు కదా. రాముడు అందరి మాటా విన్నాడు. ఒక్కసారి నీవాణ్ణని వచ్చినవాడికి అభయం ఇవ్వడం నా వ్రతం, వచ్చింది రావణుడే అయినా సరే అన్నాడు. మన సంప్రదాయంలో ఇంతకు మించిన వారంటీ లేదు. దానికి గడువు లేదు, కిలోమీటర్ల లెక్క లేదు.

శరణాగతికి ఆరు అంగాలని పెద్దలు చెప్తారు. అందులో స్వామి రక్షిస్తాడన్న విశ్వాసం ఒకటి, నన్ను నేను అప్పగించుకోవడం ఒకటి. కార్పణ్యం అని ఇంకొకటుంది. అంటే, నా వల్ల కాలేదు, నా చేతిలో ఏమీ లేదు అని ఒప్పుకోవడం. మనం మొదటి రెండూ బాగా చేస్తాం. కొబ్బరికాయ కొడతాం, భారం నీదే అంటాం. మూడో దాని దగ్గరే నోరు పెగలదు. బండిని అప్పగిస్తాం, సీల్ ఎవరు విప్పారో మాత్రం చెప్పం.

చిత్రగుప్తుడి పద్దు

తొమ్మిది రోజులు పట్టింది. ఏమైందో చెప్తాను.

టెక్నీషియన్ ముందు పెద్ద బ్యాటరీని విడదీశాడు. వెంటనే చేయి పెట్టలేదు. లోపల మిగిలిన కరెంటు దిగిపోయేదాకా కొన్ని నిమిషాలు ఆగి, మీటర్ పెట్టి చూసి, రబ్బరు గ్లౌజులు తొడుక్కుని అప్పుడు మూత విప్పాడు. ఆ పెట్టెలో ఒక పక్క 12 వోల్ట్‌లు, ఇంకో పక్క మనిషిని పట్టి చంపగల కరెంటు. మెకానిక్ చుట్టిన తీగ కరిగి పక్కకి జరిగి ఉంది. అది చూపించి టెక్నీషియన్ అన్న మాట నేను మర్చిపోలేను. "తీగ ఉందని చెప్పారు కాబట్టి జాగ్రత్తగా విప్పాను సార్. చెప్పకపోతే మామూలుగా విప్పేవాణ్ణి."

చూశారా? డబ్బు మిగులుతుందా పోతుందా అన్నదొక్కటే మేం లారీలో ఆలోచించాం. ఆ మూత కింద ఎవరో ఒకరి చెయ్యి వెళ్తుందన్న ఆలోచనే నాకు రాలేదు. "అడిగితే చూద్దాంలే" అన్న నా మాట ఎవరి వేళ్ళ మీద పడేదో! నిజం దాస్తే నష్టం మనదేలే అనుకుంటాం. మనల్ని బాగుచేయడానికి వచ్చినవాళ్ళకే ముందు దెబ్బ తగులుతుంది.

తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి బండి జ్ఞాపకమంతా చదివాడు. ఎప్పుడు ఏ లోపం వచ్చిందో తేదీలతో సహా రాసి ఉంది. మా వాడు నవ్వి, "చిత్రగుప్తుడన్నా" అన్నాడు. మెకానిక్ సీల్ విప్పడానికి ముందే కన్వర్టర్ మూడుసార్లు మొరాయించినట్టు అందులో ఉంది. అంటే అసలు లోపం పెట్టెలోదే. మా వాడు విప్పిన రోజు సరిగ్గా చెప్పాడు కాబట్టి, ఏది ముందో ఏది తర్వాతో వాళ్ళు సరిచూసుకోగలిగారు.

చిత్రగుప్తుడంటే మనకి భయం, మన తప్పులన్నీ రాస్తాడని. కానీ ఆయన రాసేది మొత్తం పద్దు. ఏది మన తప్పు కాదో అది కూడా అందులోనే ఉంటుంది. దాచేవాడికి ఆ పద్దు శత్రువు. చెప్పేసినవాడికి అదే సాక్షి.

చివరికి కన్వర్టర్ వారంటీలో మార్చారు. తీగ వల్ల కాలిన వైరింగు, ఫ్యూజు పెట్టె మా ఖర్చు: 11,400. లారీ కిరాయి వేరు. తొమ్మిది రోజులు వేరే బండి అద్దెకి పెట్టి పాలు వేయించాడు, ఆ నెల చేతిలో ఏమీ మిగల్లేదు. నిజం చెప్పాడు కాబట్టి పైసా ఖర్చు కాలేదని నేను రాస్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. సీల్ విప్పిన దానికి ఫలితం అనుభవించాడు. అభయం వచ్చినంత మాత్రాన కర్మ మాయమైపోదు. దాన్ని మోసే బలం వస్తుంది, మోసేటప్పుడు పక్కన ఒకరు ఉంటారు.

మరి మన సంగతి?

మీలో ఉద్యోగాలు చేసేవాళ్ళు, చదువుకునేవాళ్ళు ఎక్కువ. అందరికీ ట్రక్కులు లేవు, తీగలు మాత్రం ఉన్నాయి. ఒక లోన్ యాప్ అప్పు తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం ఒక తీగ. బెట్టింగ్‌లో పోయిన డబ్బు ఇంట్లో తెలియకుండా సర్దడం ఒక తీగ. చేయని అనుభవం రెజ్యూమెలో రాయడం ఒక తీగ. బండి రెండు రోజులు నడుస్తుంది. ఆ రెండు రోజుల్లోనే మనల్ని సర్వీస్ సెంటర్‌కి చేర్చుకోవాలి.

అది దూరంగానే ఉంటుంది. నాన్న ఉండే పక్క గది ఒక్కోసారి 200 కిలోమీటర్ల దూరం అనిపిస్తుంది. అయినా వెళ్ళండి. వెళ్ళాక మొత్తం చెప్పండి. మనసు బాగోలేకపోతే దానికీ శిక్షణ ఉన్నవాళ్ళున్నారు. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు. గుడికి వెళ్ళేవాడు కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు. రాముడే తమ్ముడు పడిపోతే సుషేణుడి మాట విన్నాడు, ఆయన చెప్పిన మూలిక కోసం హనుమంతుడు హిమాలయాలకి వెళ్ళాడు.

ఇంకో మాట. నిజం చెప్పడమంటే ఎదుటివాళ్ళు ఏమన్నా నోరు మూసుకుని ఉండమని కాదు. మా వాడు తన తప్పు ఒప్పుకున్నాడు, జాబ్ కార్డ్ కాపీ కూడా అడిగి తీసుకున్నాడు. ఆలస్యమైనప్పుడు గొడవ పెట్టుకోకుండా, ఏ రోజుకి ఇస్తారో మెయిల్‌లో రాసి పంపమన్నాడు. న్యాయంగా రావాల్సింది రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉండనే ఉంది. సత్యం చెప్పినవాడి గొంతుకి అడిగే హక్కు కూడా వస్తుంది. గట్టిగా అరవాల్సిన పని ఉండదు.

ఈ వారం ఒక్క సాధన చేద్దాం. రాత్రి పడుకునే ముందు దీపం దగ్గర, దీపం లేకపోతే మంచం మీదే, ఒక కాగితం తీసుకోండి. మూడు వాక్యాలు రాయండి. ఈరోజు ఏది పనిచేయలేదు? నేను దాన్ని ఎలా కెలికాను? ఎవరికి చెప్పాలి? రెండో వాక్యం దగ్గర పెన్ను ఆగుతుంది. ఆగనివ్వండి, తొందరేం లేదు. రాసి, "స్వామీ, సీల్ విప్పింది నేనే" అని చెప్పి పడుకోండి.

నేను కూడా రాశాను. మొదటి రోజు నా కాగితం మీద ఉన్నది సూర్యాపేట దాటాక అన్న ఆ ఒక్క మాటే. మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. "నువ్వు అడిగినప్పుడు నేను సరైన మాట చెప్పలేదురా." వాడు కాసేపు ఆగి, "తెలుసన్నా. అందుకే నీ వైపు చూడలేదు. చూస్తే 'కాదు' దగ్గర పెట్టేవాణ్ణి" అన్నాడు.

జై శ్రీరామ్. వచ్చే వారం వీడియోలో కలుద్దాం.